మైకు మేడమ్ మెల్లగా మాట్లాడిన ఏడాది

మా పిన్ని లెక్కల లెక్చరరు. కాలేజీలో పిల్లలు ఆవిడకి పెట్టుకున్న పేరు మైకు మేడమ్. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసి కోప్పడిందీ లేదు, మురిసిపోయిందీ లేదు. "నయం, సైరన్ అనలేదు" అని మాత్రం ఒకసారి అంది.

ఆవిడ పాఠం మొదలుపెడితే పై అంతస్తు వరండాలో నడిచేవాళ్ళకి కూడా కింద ఏ లెక్క నడుస్తోందో తెలిసిపోయేది. పక్క గదిలో ఆర్థికశాస్త్రం చెప్పే మాస్టారు నెమ్మదస్తుడు. పిన్ని పాఠం ఉన్న గంటలో ఆయన పాఠం కట్టిపెట్టి, "ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకోండర్రా" అని కుర్చీలో కూర్చునేవాడు. ఆయన తరగతి పిల్లల్లో కొందరు లెక్కలు బాగా చేసేవారని కాలేజీలో ఒక వేళాకోళం ఉండేది.

నేను ఆ కాలేజీలో చేరి, పిన్ని వాళ్ళింట్లోనే ఉండి చదువుకున్నాను. తరగతిలో మేడమ్, ఇంటికొస్తే పిన్ని. ఆ ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా, ఒక గది వెనక ఒక గదిగా ఉండేది. వంటిల్లు చిట్టచివర. ఎవరున్న గదిలోంచి వాళ్ళు కేకేయడమే ఆ ఇంటి పద్ధతి. పిన్ని వంటింట్లోంచి ఒక్క పిలుపు పిలిస్తే వీధి గదిలో ఉన్న బాబాయి, మేడ మీద ఆడుకుంటున్న వాళ్ళబ్బాయి చిన్నాడు, స్నానాల గదిలో ఉన్న నేను, ముగ్గురమూ ఒకేసారి "ఆఁ" అనేవాళ్ళం. బాబాయి అచ్చాఫీసులో యంత్రాల పక్కన ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. ఆ మోతకి ఆయన ఎడమ చెవి మొద్దుబారిపోయింది, కుడిది అంతంతమాత్రం. "మీ పిన్ని గొంతు విని చేసుకున్నానమ్మా. వేరే ఎవరినైనా చేసుకునుంటే ఈపాటికి మూగనోము పట్టిన కాపురం అయ్యేది" అనేవాడు.

పిన్నికి తన ఒంటి మీద ధ్యాస తక్కువ. చిన్నాడికి తుమ్ము వస్తే డాక్టరు దగ్గరికి పరిగెత్తేది. తనకి జ్వరం వస్తే మాత్రం ఆ జ్వరంతోనే పరీక్ష పేపర్లు దిద్దేది. అద్దంలో చూసుకునేది జడ తిన్నగా ఉందా లేదా అని మాత్రమే. అందుకే ఆవిడ మెడ మీద వాపు ఆవిడకంటే ముందు ఫొటోగ్రాఫరు కంట పడింది. కాలేజీలో అందరికీ కొత్త గుర్తింపు కార్డులు ఇస్తున్నారు. ఆయన కెమెరా దించి, "మేడమ్, గడ్డం కొంచెం ఎత్తండి... ఇంకొంచెం... మీ మెడ దగ్గర ఒక పక్కన లావుగా ఉందేంటి?" అన్నాడు. పిన్ని చెయ్యి పెట్టి తడుముకుంది. "ఎప్పట్నుంచో ఉన్నట్టుంది. మీరు ఫొటో తీయండి" అంది.

ఆ "ఎప్పట్నుంచో" మరికొన్నాళ్ళు సాగింది. పరీక్షలు అవ్వనీ అంది. అయ్యాక ఫలితాలు రానీ అంది. ఫలితాలు వచ్చాక కొత్త పిల్లలు చేరనీ అంది. చివరికి మా అమ్మ ఫోనులో, "నువ్వు వెళ్తావా, నన్ను రమ్మంటావా" అని గద్దిస్తే అప్పుడు కదిలింది. పరీక్షలన్నీ చేశాక డాక్టరు తేల్చింది ఏమిటంటే, అది థైరాయిడ్ గడ్డ, ప్రమాదకరమైనది కాదు గానీ పెరిగి ఊపిరి గొట్టాన్ని నొక్కుతోంది, తీసెయ్యాలి. ఆ డాక్టరమ్మ ఏదీ దాచే మనిషి కాదు. కాగితం మీద మెడ బొమ్మ గీసి, గడ్డ వెనకాలే వెంట్రుకలాంటి నరం ఒకటి పోతుందనీ, మాట పలికించేది అదేననీ, ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి ఆ నరం దెబ్బ తింటుందనీ ముందే చెప్పింది.

పిన్ని ఆ బొమ్మని కాసేపు చూసి, "వందలో ఎంతమందికి?" అంది. లెక్కల మనిషి కదా. డాక్టరమ్మ చెప్పిన అంకె చాలా చిన్నది. పిన్ని నవ్వి, "అయితే భయం లేదు" అంది.

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డ మొత్తం వచ్చేసిందన్నారు. మర్నాడు పొద్దున బాబాయీ నేనూ మంచం పక్కన కూర్చున్నాం. పిన్ని కళ్ళు తెరిచి, బాబాయిని చూసి, ఏదో అంది. బాబాయి మంచి చెవి దగ్గరగా పెట్టాడు. పిన్ని మళ్ళీ అంది. ఆయన ముఖం చిన్నబోయింది. ఈ చెవి కూడా పోయిందనుకున్నాడు పాపం. నా వైపు తిరిగి, "ఏమంటోందమ్మా?" అని అడిగాడు.

"నాకూ వినపడలేదు బాబాయ్" అన్నాను.

పిన్ని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మళ్ళీ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, ఊపిరి వచ్చింది. ఆ ఊపిరిలో ఎక్కడో అడుగున, గాలికి తలుపు సందులో వచ్చే చప్పుడులాంటిది కొంచెం ఉంది. అంతే. ఆవిడ చెయ్యి మెల్లగా లేచి మెడ మీది కట్టు దగ్గరికి వెళ్ళింది. ఆ చిన్న అంకెలో తను పడిందని ఆవిడకి అప్పుడు అర్థమైంది.

నరం తెగలేదు, నలిగింది అన్నారు. కొన్ని నెలల్లో తేరుకోవచ్చు, తేరుకోకపోనూవచ్చు. మాట నేర్పే థెరపిస్టు ఒకావిడ ఉండేది. చిన్న వయసు, గలగలా మాట్లాడే మనిషి. ఆవిడ దగ్గరికి పిన్నిని నేనే తీసుకెళ్ళేదాన్ని. ఆవిడ మొదటి రోజే ఒక ఆజ్ఞ ఇచ్చింది. "గుసగుసలు మాత్రం వద్దు మేడమ్. గుసగుసలాడితే గొంతు ఇంకా అలసిపోతుంది. ఎంత సన్నగా వచ్చినా ఫర్వాలేదు, గొంతుతోనే మాట్లాడండి. అరవాలని చూడకండి. మంచినీళ్ళు తాగేటప్పుడు గడ్డం కిందికి వంచి గుక్క గుక్కగా తాగండి. అన్నిటికంటే ముఖ్యం, రోజులో కాసేపు నోరు మూసుకుని కూర్చోవాలి."

మా బాబాయి ఆ ఆఖరి మాట నా చేత రెండుసార్లు చెప్పించుకుని, "ఇది కుదిరే పనేనా" అన్నాడు. పిన్ని నవ్వింది. నవ్వుకి కూడా చప్పుడు లేదు. అది చూసి బాబాయి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

సెలవు అయిపోవచ్చింది. ప్రిన్సిపాలుగారు మంచివాడు. ఇంటికి వచ్చి మరీ చెప్పాడు, పరీక్షల విభాగంలో కూర్చోండమ్మా, గొంతుతో పనిలేని ఉద్యోగం, జీతంలో తేడా ఉండదు అని. పిన్ని ఆయన మాట పూర్తిగా విని, తన సన్నటి గొంతుతో ఏదో చెప్పింది. ఆయన ముందుకి వంగాడు. మళ్ళీ చెప్పింది. ఈసారి నాకు వినబడింది. "నాకు పాఠం చెప్పడం ఒక్కటే వచ్చండీ."

మొదటి రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు ముడుచుకుపోతుంది. మాది కాలేజీలోకెల్లా గోల తరగతి. నూటికి పైగా ఉండేవాళ్ళం. వెనక బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. ఆ పిల్ల నోరు మూతపడగా ఎవరూ చూడలేదు గనక అందరూ రేడియో అనేవాళ్ళం. పిన్ని చీర కొంగుకి చిన్న మైకు తగిలించుకుని వచ్చింది. మాట్లాడింది. మైకులోంచి మాటకి బదులు ఊపిరి వచ్చింది, బుసలు కొట్టినట్టు, గది నాలుగు మూలలా. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు బెంచీ బెంచీకీ పాకింది. మైకు ఒకటి రెండుసార్లు కీచుమంది. వెనకనుంచి రేడియో, "స్టేషన్ దొరకట్లేదు మేడమ్" అంది. తరగతి తరగతంతా గొల్లుమంది. నేను రెండో బెంచీలో తల దించుకుని బల్ల మీది గీతలు చూస్తూ కూర్చున్నాను.

పిన్ని మైకు తీసి బల్ల మీద పెట్టింది. బోర్డు నిండా లెక్కలు రాసింది. గోలలోనే రాసింది. గంట కొట్టగానే చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పెరటి మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. బాబాయి టీ తెచ్చి పక్కన కూర్చున్నాడు. "మానెయ్యరాదూ. ఇన్నేళ్ళు చెప్పావు, చాలదా?" అన్నాడు. పిన్ని గ్లాసు అందుకుని, ఆయన కుడి చెవి వైపుకి జరిగి, "రేపు చూద్దాం" అంది. ఆయనకి వినపడలేదు. కానీ ఆవిడ ముఖం చూసి, "సరే, రేపు చూద్దాం" అని ఆయన కూడా అదే మాట అన్నాడు.

మర్నాడు మైకు లేకుండా వచ్చింది. బోర్డు మీద లెక్క సగం రాసి ఆపింది. మా వైపు తిరిగి, కుడి చెయ్యి భుజం ఎత్తున పైకి లేపి, అరచెయ్యి మాకు కనబడేలా పెట్టి నిలబడింది. గోల సాగుతోంది. ఆవిడ నిలబడే ఉంది. ముఖంలో కోపం లేదు, వేడుకోలు లేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా తాపీగా ఉంది. గోల ఒకసారి తగ్గి మళ్ళీ లేచింది. చెయ్యి దిగలేదు. కాసేపటికి మొదటి బెంచీ వాళ్ళకే మొహమాటం వేసి నోరు మూశారు. వెంటనే ఆవిడ చెయ్యి దించి, ఆ ఒక్క బెంచీకే పాఠం చెప్పడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు ఉన్నారన్న సంగతే పట్టించుకోలేదు. మొదటి బెంచీలో ఆరుగురు మెడలు ముందుకి చాచి విన్నారు. రెండో బెంచీలో ఉన్న మాకు సగం సగం వినబడింది. ఆ మిగతా సగం కోసం మేమూ వంగాం.

అలా ఒక్కో బెంచీ ఊరుకుంటూ వచ్చింది. దానికి వారాలు పట్టింది. మధ్యలో ఎన్నోసార్లు చెయ్యి లేచింది. చాలాసార్లు ఆ గంట సగం అలా చెయ్యి ఎత్తి నిలబడటంతోనే పోయింది. ఒకరోజు రేడియో ఉండబట్టలేక ముందున్న పిల్ల వీపు మీద తట్టి, "ఏం చెప్తున్నారే?" అంది. ఆ పిల్ల వెనక్కి తిరక్కుండానే, "నువ్వు ఊరుకుంటే వినపడుతుంది" అంది. రేడియోకి ఆ మాట ఎవరూ అంతవరకూ అనలేదనుకుంటాను. బిత్తరపోయి ఊరుకుంది.

ఆ తరువాత పిన్ని ఇంకొక పని చేసింది. లెక్క సగంలో ఆపి సుద్దముక్క రేడియో వైపు చాచింది. రేడియో పళ్ళికిలిస్తూ బోర్డు దగ్గరికి వెళ్ళింది గానీ, ఆ లెక్క ఎటునుంచి ఎటు పోతుందో దానికి తెలియదు. పిన్ని పక్కకి వచ్చి, దాని చెవికి దగ్గరగా ఒక్క మాట చెప్పింది. రేడియో ముఖంలో నవ్వు పోయింది. ఇంకో మాట చెప్పింది. రేడియో బోర్డు వైపు చూసి, "ఓహో" అంది. ఆ ఓహోలో ఎంత నిజం ఉందంటే మా అందరికీ ఆ మాట ఏమిటో తెలుసుకోవాలనిపించింది. అప్పుడు రేడియో తన పెద్ద గొంతుతో మాకు చెప్పింది. ఆ రోజునుంచి రోజుకొకరు బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆవిడ పక్కన నిలబడి విని, మాకు చెప్పేవాళ్ళం. నా వంతూ వచ్చింది. ఆవిడ పక్కన నిలబడితే, ప్రతి వాక్యానికి ముందు ఆవిడ ఊపిరి కూడదీసుకోవడం వినబడింది. బరువెత్తే ముందు కూలీ పీల్చినట్టు పీల్చేది. ఆవిడకి మాట ఎంత కష్టమైపోయిందో, ఇంట్లో రోజూ చూస్తున్నా, నాకు అప్పుడే తెలిసింది.

ఏడాది మధ్యకొచ్చేసరికి మా గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేది. అతిశయోక్తి కాదు. ఫ్యాను రెక్క ఒకటి ఒరుసుకునే చప్పుడు, సుద్ద చివర విరిగే చప్పుడు, వెనక బెంచీలో పేజీ తిరగేసిన చప్పుడు, వీటన్నిటి అడుగున సన్నగా ఆవిడ గొంతు. నూటికి పైగా మనుషులం ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం. పక్క గది ఆర్థికశాస్త్రం మాస్టారు ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూశాడు. తన తరగతి గోలగా ఉన్నా సరే, గంట కొట్టేదాకా అక్కడే ఉండిపోయాడు. బయటికి వచ్చాక నాతో, "ఇంతమంది ఇలా వింటుండగా నేనెప్పుడూ చూడలేదమ్మా" అన్నాడు. గుళ్ళోంచి వచ్చిన మనిషిలా చెప్పులు మర్చిపోయినంత పరాకుగా నడిచి వెళ్ళాడు.

ఇంట్లోనూ మార్పు వచ్చింది. పిన్ని కేక లేదు గనక, ఎవరికేం కావాలన్నా లేచి ఆవిడ ఉన్న చోటికి వెళ్ళాల్సిందే. మొదట్లో చిన్నాడు విసుక్కున్నాడు. తరువాత వాడి హోంవర్కు వంటింటి గట్టు మీదకి మారింది. నా పుస్తకాలూ అక్కడికే చేరాయి. బాబాయి వీధి గదిలో చదువుకునే పేపరు తీసుకొచ్చి గుమ్మం దగ్గర పీట వేసుకునేవాడు. ఆయనకి మాట వినబడదు గనక పిన్ని పెదవుల వంకే చూసేవాడు. ఒకరోజు కూర తరుగుతూ పిన్ని ఏదో చెబుతుంటే, ఆయన మధ్యలో ఆపి, "నువ్వు మాట్లాడేటప్పుడు ఎడమ కనుబొమ్మ ఒక్కటే లేస్తుంది, తెలుసా?" అన్నాడు.

"పెళ్ళైనప్పట్నుంచీ అంతేగా" అంది పిన్ని.

"నేను ఇప్పుడే చూశాను" అన్నాడు బాబాయి. చిన్నాడు తల ఎత్తి అమ్మని, నాన్నని చూసి, ఇదేదో తనకి సంబంధించింది కాదని మళ్ళీ లెక్కల్లో పడ్డాడు.

ఏడాది చివర ఆఖరి సంవత్సరం వాళ్ళకి వీడ్కోలు సభ పెట్టారు. మధ్యాహ్నం వేళ. బయట కుంభవృష్టి. కాలేజీ హాలు పాతది. కిటికీలు ఎత్తున ఉండేవి. వేదికకి ఎదురుగా, వీధి వైపు ఒక్కటే పెద్ద తలుపు, రెండు రెక్కలూ లోపలికి తెరుచుకునేవి. జల్లు కొడుతోందనీ, తెర మీద ఫొటోలు చూపిస్తున్నారు గనక చీకటి కావాలనీ కిటికీలూ ఆ తలుపూ మూసేశారు. కాలేజీ కాలేజీ అంతా లోపలే ఉంది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. మా తరగతి ముందు వరుసల్లో ఉంది. పిన్ని, నేను ఒక పక్కగా కూర్చున్నాం.

వేదిక మీద ఒక పెద్ద దీపం తీగ ఎక్కడో కాలి చిటపటమంది. తెర అంచు అంటుకుంది. మంట పెద్దది కాదు, మోకాలెత్తు ఉంటుంది. కానీ అదే క్షణంలో కరెంటు పోయింది. ఎవరో "మంటలు" అని అరిచారు.

ఆ తరువాత నేను విన్న చప్పుడు మనుషులు చేసినట్టు లేదు. కుర్చీలు పడుతున్నాయి. అందరూ ఒక్కసారిగా తలుపు వైపు తోసుకుపోయారు. ముందు చేరినవాళ్ళు తలుపుకి అదుముకుపోయారు. లోపలికి లాగితే గాని తెరుచుకోని తలుపు అది. లాగడానికి జానెడు చోటు లేదు. వెనకవాళ్ళకి ఆ సంగతి తెలియదు, ఇంకా తోస్తున్నారు. ప్రిన్సిపాలుగారు వేదిక మీద గొంతు చించుకుంటున్నాడు, చచ్చిన మైకులో. అటెండరు, ఇంకొకాయన తడి గోనెలతో మంటని కొడుతున్నారు. పొగ తలల మీదుగా వస్తోంది. రేడియో కుర్చీ ఎక్కి, "తొయ్యకండి, తొయ్యకండి" అని అరుస్తోంది. అంత గొంతూ ఆ గోలలో చుక్కలా కలిసిపోయింది.

పిన్ని నా భుజం పట్టుకుని కుర్చీ మీదకి ఎక్కింది. నా చేతిలో ఫోను చూపించి, దీపం వెయ్యమన్నట్టు సైగ చేసింది. వేశాను. ఆవిడ మీదకి తిప్పాను. ఆవిడ కుడి చెయ్యి భుజం ఎత్తున లేచింది, అరచెయ్యి జనం వైపుకి.

రేడియో చూసింది. అరుస్తున్నది అరుస్తున్నట్టే ఆగిపోయింది. తన చెయ్యి కూడా అలాగే ఎత్తి, నోరు మూసుకుంది. దాని పక్కనున్న పిల్ల చెయ్యి ఎత్తింది. మా తరగతి వాళ్ళు ఎక్కడెక్కడున్నా ఒక్కొక్కరే ఆగి, చెయ్యి ఎత్తి, ఫోను దీపాలు వేసి నిలబడ్డారు. ఏడాది పొడుగునా ఆ చెయ్యి లేస్తే ఊరుకోవడం ఒంటికి అలవాటైపోయింది. భయం ఆ అలవాటుని తొక్కలేకపోయింది. చీకట్లో దీపాల మధ్య అన్ని చేతులు లేచి కదలకుండా ఉంటే, చుట్టుపక్కల వాళ్ళు ఏమిటని తిరిగి చూశారు. తిరిగి చూసిన మనిషి తోయడం ఆపుతాడు. ఆ నిశ్శబ్దం ముందు వరుసల్లో మొదలై వెనక్కి పాకడం నేను కళ్ళారా చూశాను. నీళ్ళు ఇంకినట్టు గోల ఇంకిపోయింది. వాన చప్పుడు వినబడింది. ఎక్కడో ఒక పిల్ల వెక్కిళ్ళు పెడుతోంది, అదీ వినబడింది.

పిన్ని వంగి, ముందున్న పిల్లలతో తన సన్నటి గొంతుతో చెప్పింది. "తలుపు దగ్గరున్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఎవరూ పరిగెత్తొద్దు. ఇదే మాట తలుపు దాకా చెప్పండి. మెల్లగా చెప్పండి."

ఆ మాట నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి వెళ్ళింది. వందల మంది ఉన్న ఆ హాల్లో ఒక్కరు కూడా గొంతు పెంచలేదు. ఎందుకో నాకు తెలియదు. పెంచితే ఆ నిశ్శబ్దం పగిలిపోతుందని అందరికీ తోచిందేమో. మాట వెళ్ళినంత మేరా తలలు వెనక్కి జరగడం దీపాల వెలుతురులో కనిపించింది. ఒక్కో వరుస వెనక్కి, ఇంకో వరుస వెనక్కి. తలుపు దగ్గర చోటు ఏర్పడింది. కిర్రుమని చప్పుడైంది. రెండు రెక్కలూ తెరుచుకుని, తడి వెలుతురు లోపలికి వచ్చింది.

నడిచి వెళ్ళారు. నిజంగా నడిచే వెళ్ళారు. కిందపడ్డవాళ్ళని పక్కవాళ్ళు లేపి నడిపించారు. పిన్ని కుర్చీ మీద చెయ్యి ఎత్తుకునే నిలబడింది. నేను దీపం పట్టుకునే నిలబడ్డాను. ఆవిడ చెయ్యి వణుకుతుందేమోనని చూశాను. వణకలేదు. హాలు ఖాళీ అయ్యి, అటెండరు "ఆరిపోయిందమ్మా, మీరూ రండి" అన్నాక దిగింది. ఒక అమ్మాయికి చెయ్యి బెణికింది, ఒకరికి మోచేయి గీరుకుపోయింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

బయట వరండాలో చోటు చాలక అందరూ తడుస్తూ ఉన్నారు. పిన్ని బయటికి రాగానే మాటలు ఆగిపోయాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దారి ఇచ్చారు. ప్రిన్సిపాలుగారు ఏదో అనబోయి, తన గొడుగు తెరిచి ఆవిడ తల మీద పట్టుకుని గేటుదాకా వచ్చాడు. ఆయన తడిసి ముద్దైపోయాడు. రేడియో మా వెనకాలే నడిచింది. ఆ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికొచ్చి పిన్ని పెరటి మెట్ల మీద కూర్చుంది. అప్పుడు మొదలైంది వణుకు. చేతులు, భుజాలు, దవడ. బాబాయి వేడి నీళ్ళు బేసినులో పోసి తెచ్చి, ఆవిడ పాదాలు అందులో పెట్టించాడు. తువ్వాలు తెచ్చి తల తుడిచాడు. ఆయనకి ఏం జరిగిందో నేను పెద్దగా అరిచి చెబుతున్నాను. ఆయన నా మాట వింటూ ఆవిడ ముఖమే చూస్తున్నాడు.

"చాలా భయమేసింది" అంది పిన్ని.

"ఎప్పుడు? ఇప్పుడా?" అన్నాన్నేను.

"చెయ్యెత్తినప్పుడు. మీరు చూడకపోతే నా దగ్గర ఇంకేం లేదుగా."

ఆ మాట వినేదాకా, అంత పెద్ద గుంపు ముందు అంత తాపీగా నిలబడిన మనిషికి భయం లేదనుకున్నాను. భయం అంతా ఒంట్లో పెట్టుకునే, వేళ్ళ చివరిదాకా రానివ్వకుండా నిలబడిందని తెలిశాక, ఆవిడ మామూలు కాళ్ళు, మామూలు చేతులు, తుడిచిన జుట్టు చూస్తూ ఉండిపోయాను. ఎన్నేళ్ళుగానో ఎరిగిన మనిషి కొత్తగా, కొండంత కనబడింది. చిన్నాడు వచ్చి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. వాడికేమీ చెప్పకుండానే.

సెలవుల్లో ఆ హాలు తలుపులు పీకి, బయటికి తెరుచుకునేలా బిగించారు. పక్క గోడకి ఇంకో తలుపు కొట్టారు. పిన్ని గొంతు విషయానికొస్తే, ఆ మరుసటి ఏడు నరం కొంత మేలుకుంది. మునుపటి గొంతు మాత్రం రాలేదు. బొంగురుగా, లోతుగా, ముందు లేని గొంతు ఒకటి వచ్చింది. అందులో కాస్త గట్టిగా మాట్లాడే వీలుంది గానీ, అవసరమైతే తప్ప ఆవిడ ఆ గట్టిదనం వాడదు. రేడియో లెక్కల్లోనే పై చదువులు చదివి, ఇప్పుడు ఒక బడిలో పాఠాలు చెబుతోంది. ఫోను చేస్తే గంటకి తక్కువ మాట్లాడదు.

నేను ఉద్యోగంలో చేరి వేరే ఊరు వచ్చేశాను. సెలవు దొరికితే పిన్ని దగ్గరికి వెళ్తుంటాను. గడ్డ తీసేసినందుకు ఆవిడ రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలి. వేసుకున్నాక అరగంట దాకా టీ కూడా తాగకూడదు. ఆ అరగంటా ఆవిడ ఏ పనీ పెట్టుకోదు. పెరట్లో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఒకప్పుడు జ్వరంతో పేపర్లు దిద్దిన మనిషేనా ఈవిడ అనిపిస్తుంది. పక్కింటి గోడ మీద పిల్లి నడుస్తుంది. పాలబ్బాయి సైకిలు వెళ్తుంది. ఎండ మెల్లగా ఆవిడ పాదాల మీదకి వస్తుంది. మొన్న వెళ్ళినప్పుడు నేనూ పక్కన చాప వేసుకుని కూర్చున్నాను. టీ వేళ అయిందని బాబాయి వచ్చి చెప్పేదాకా మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.